డ్రెయిన్‌లో నాచు దేనికి పెరుగుతోంది? మట్టి టీ కప్పులతో తేల్చుకునే పద్ధతి

దాళ్వా (రబీ వరి) ఊడ్పులు అయిన మూడు నాలుగు వారాలకు మురుగు కాలువల్లో పీచు నాచు జడలు జడలుగా వేలాడుతుంది. తూముల దగ్గర అడ్డం పడి నీటిని ఎగదంతుంది, మోటారు ఫుట్‌వాల్వుకు చుట్టుకుంటుంది. యూరియా ఎక్కువైందని ఒకరంటారు, పైనున్న రొయ్యల చెరువుల నీళ్లని మరొకరంటారు, ఊరి మురుగని ఇంకొకరంటారు. మాటలతో తేలే విషయం కాదిది. ఆ నాచుకు ఏది కరువైందో, ఏది చాలినంత ఉందో ఆ కాలువలోనే పరీక్ష పెట్టి తెలుసుకోవచ్చు. దానికి కావలసినవి చాలావరకు కుమ్మరి దగ్గరా, కిరాణా, ఎరువుల కొట్లలోనూ, హార్డ్‌వేర్ షాపులోనూ దొరుకుతాయి. నీటి పరీక్షలకూ, చివర్లో నాచు కొలతకూ మాత్రం కాలేజీ ల్యాబ్ అవసరం పడుతుంది.

పద్ధతి ఇది. నీరు ఊరే మట్టి కప్పులో నత్రజని గానీ భాస్వరం గానీ కలిపిన అగర్ (సముద్రపు నాచుతో చేసే జెల్లీ పొడి) గడ్డ నింపి, మూతి మూసి, కాలువలో బోర్లిస్తాం. పోషకం కప్పు గోడగుండా మెల్లగా బయటికి ఊరుతుంది. ఏ కప్పు మీద నాచు ఎక్కువ పడితే ఆ కప్పులోని పోషకమే ఆ కాలువలో నాచుకు కొరతగా ఉన్నట్టు. వాగులను పరిశోధించేవాళ్లు 1980ల నుంచి మట్టి పూలకుండీలతో ఇదే చేస్తున్నారు. ఇక్కడి కొలతలు గోదావరి, కృష్ణా డెల్టా డ్రెయిన్లకు సరిపడేలా ఇచ్చాం. తెలంగాణలో యాసంగి పొలాల మధ్య పారే వాగుకైనా ఇవే పనికొస్తాయి.

నీటి పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదు

సీసాలో నీళ్లు పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇస్తే కరిగిన భాస్వరం దాదాపు సున్నా అని రావచ్చు. అది చూసి కాలువ శుభ్రంగా ఉందనుకుంటే పొరపాటే. నాచు దట్టంగా ఉన్న చోట భాస్వరాన్ని అదే పీల్చేసుకుంటుంది, నీటిలో మిగలనివ్వదు. వచ్చింది వచ్చినట్టు ఖర్చయిపోయే ఇంట్లో గల్లాపెట్టె ఖాళీగా ఉన్నట్టే ఇదీ. అందుకే కరిగిన భాస్వరంతో పాటు మొత్తం భాస్వరం కూడా అడగాలి. దాన్నైనా కప్పుల పరీక్షకు తోడుగానే చూడాలి.

పైగా పోషకం ఎంత కొంచెం చాలుతుందో చాలామందికి అంచనా ఉండదు. 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం భాస్వరం అని రాసి ఉంటుంది. అది ఆక్సైడు లెక్క. అందులో అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అందులో నూరో వంతు, అంటే 100 గ్రాములు, డ్రెయిన్‌లోకి జారిందనుకోండి. 10 లక్షల లీటర్ల నీటిని లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు తీసుకెళ్లడానికి అది చాలు. వాగుల్లో మొత్తం భాస్వరం లీటరుకు 0.075 మి.గ్రా., మొత్తం నత్రజని 1.5 మి.గ్రా. దాటితే పోషకాలు అతిగా చేరిన నీరుగా లెక్కకడతారు. రైతుకు లెక్కలోకే రాని నష్టం నాచుకు విందు అవుతుంది.

చెరువుల విషయంలో భాస్వరమే అసలు ముద్దాయి అనే మాట బాగా నాటుకుపోయింది. కెనడాలో 1973లో 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా చేసి, భాస్వరం వేసిన సగం మాత్రమే పచ్చబడడం చూపించిన ప్రయోగం దానికి పెద్ద కారణం. పారే నీటిలో అంత సూటిగా ఉండదు. చాలా వాగుల్లో నత్రజని, భాస్వరం రెండూ కలిసి ఇస్తేనే నాచు ఎదుగుతుంది. కాబట్టి చెరువు పాఠాన్ని డ్రెయిన్‌కు తెచ్చి అంటగట్టకూడదు.

ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి

డెల్టాలో జనవరి చివరి నుంచి మార్చి వరకు అనువైన కాలం. సార్వాలో (వానాకాలం పంటలో) వరదొచ్చి కప్పుల్ని ఎత్తుకుపోతుంది, నీరు ఎర్రగా ఉండి వెలుతురు అడుగుకు దిగదు. ఏప్రిల్‌లో పంట కాలువలు కట్టేస్తే డ్రెయిన్‌లో పారుదల పడిపోయి మురుగు మాత్రమే మిగులుతుంది. పరీక్షకు మూడు వారాలు కావాలి గనుక కాలువకు నీరు ఆపే తేదీ ముందే కనుక్కోండి.

చోటు ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: రోజులో కనీసం ఆరు గంటలు ఎండ పడాలి, లోతు 30 నుంచి 50 సెంటీమీటర్లు ఉండాలి, నీరు కదులుతూ ఉండాలి. గుర్రపుడెక్క తేలుతూ వచ్చి కప్పే చోటు వద్దు. గేదెలు దిగే రేవు అసలే వద్దు. వీలైతే రెండు చోట్ల పెట్టండి, ఒకటి పొలాల నీరు కలవక ముందు, ఇంకొకటి కలిశాక. చేపల చెరువుల తూము మధ్యలో ఉంటే దానికి ఎగువన, దిగువన పెట్టాలి. కొల్లేరులో కలిసే బుడమేరు, తమ్మిలేరు లాంటి వాటి మీదా, భీమవరం పక్కన పారే యనమదుర్రు లాంటి డ్రెయిన్ల మీదా పొలం నీరు, చెరువు నీరు, ఊరి మురుగు కలిసే ఉంటాయి. అలాంటి చోట ఒక్క స్థలంలో పెట్టి నింద ఎవరి మీద వేసినా నిలవదు.

పారుదల కొలవడం తేలిక. సగం నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ సీసాను నడి కాలువలో వదిలి 10 మీటర్లు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 42 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు 0.24 మీటర్లు. అడుగున నీరు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి 0.85తో గుణిస్తే సగటు 0.2 మీటర్లు. కాలువ వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు అర మీటరు అయితే సెకనుకు 200 లీటర్లు, రోజుకు సుమారు 17,300 ఘనపు మీటర్లు పారుతున్నట్టు. ఆ నీటిలో భాస్వరం లీటరుకు 0.1 మి.గ్రా. ఉంటే రోజుకు 1.7 కిలోల పైన కొట్టుకుపోతోంది. అంటే ఆరు రోజులు తిరక్కుండా ఒక డీఏపీ బస్తాలోని భాస్వరం మొత్తం ఆ చిన్న డ్రెయిన్ గుండా పోయినట్టే. గట్టు మీద నిలబడి ఈ లెక్క చెబితే రైతుకు వెంటనే అర్థమవుతుంది.

కావలసినవి (ఒక చోటుకు)

రంగు వేయని, మెరుగు పూయని మట్టి టీ కప్పులు 24 తీసుకోండి. వాడేవి 20, నాలుగు పగిలేవాటికి. 100 మి.లీ. పట్టేవి చాలు, అన్నీ ఒకే కుమ్మరి దగ్గర, ఒకే ఆవంలో (కుమ్మరి బట్టీలో) కాలినవి కావాలి. వేరు వేరు చోట్ల కొంటే గోడ మందం మారి పోషకం ఊరే వేగమూ మారుతుంది. కప్పు మూతికి సరిపడే టైల్ ముక్కలు 20. అడుగున పెట్టడానికి 60 × 30 సెం.మీ. కడప బండలు ఐదు. సిమెంటు పలకలు వద్దు, కొత్త సిమెంటు చుట్టూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచుతుంది. న్యూట్రల్ రకం సిలికాన్ సీలెంట్ రెండు ట్యూబులు కావాలి. వెనిగర్ వాసన వచ్చే రకం తీసుకోకండి.

అగర్ పొడి 40 గ్రాములు. కిరాణా కొట్లో చైనా గ్రాస్ పేరుతో దొరికేదీ అదే. అయితే గట్టిదనం ప్యాకెట్‌ను బట్టి మారుతుంది కాబట్టి ముందు ఒక గ్లాసు చేసి చూడండి. నత్రజనికి 13-0-45, అంటే పొటాషియం నైట్రేట్. భాస్వరానికి 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. రెండూ డ్రిప్పుకు వాడే కరిగే ఎరువులే. యూరియా, డీఏపీ ఇక్కడ పనికిరావు. డీఏపీలో రెండు పోషకాలూ కలిసే ఉంటాయి, యూరియా నీటిలో పడ్డాక అమ్మోనియాగా మారాల్సి ఉంటుంది. ఏది పని చేసిందో విడదీసి చెప్పలేం. పొటాషియం నైట్రేట్ మంటను ఎగదోస్తుంది, పొయ్యి పక్కన పెట్టకండి.

కప్పులు నింపడం

కప్పుల్ని మూడు రోజులు నీళ్లలో నానేయండి, రోజూ నీళ్లు మార్చండి. కాలిన మట్టిలోని ఇనుము భాస్వరాన్ని పట్టుకుంటుంది, బూడిద ఉంటే పీహెచ్ మారుస్తుంది. ఈ నానబెట్టడంతో బూడిద, దుమ్ము పోతాయి. భాస్వరం పట్టుకునే గుణం పూర్తిగా పోదు, అందుకే గడ్డలో భాస్వరం మోతాదు ఎక్కువ పెడుతున్నాం. నానిన కప్పుల్ని నీడన ఆరబెట్టి, అంచు మీద ఆకురాయితో గాట్లు పెట్టండి. గాటు లేనిది ఉత్త అగర్, ఒక గాటు నత్రజని, రెండు గాట్లు భాస్వరం, మూడు గాట్లు రెండూ. మార్కరుతో రాసింది మూడు వారాల్లో నాచు కింద మాయమవుతుంది.

ఒక్కో రకానికి అర లీటరు చేస్తాం. 350 మి.లీ. నీటిలో 10 గ్రాముల అగర్ వేసి, ఉండకట్టకుండా కలుపుతూ, పూర్తిగా తేటపడేదాకా మరిగించాలి. వేరే గిన్నెలో 150 మి.లీ. వేడి నీటిలో ఆ రకానికి చెందిన ఎరువు కరిగించాలి. నత్రజని రకానికి 13-0-45 ఎరువు 25.3 గ్రాములు. భాస్వరం రకానికి 0-52-34 ఎరువు 34 గ్రాములు. రెండూ కలిసిన రకానికి రెండు ఎరువులూ అదే మోతాదులో. ఉత్త అగర్ రకానికి 150 మి.లీ. మామూలు వేడి నీరు. రెండు గిన్నెలూ 60 డిగ్రీలకు దిగాక కలిపి వెంటనే కప్పుల్లో పోయాలి.

అగర్‌నూ ఫాస్ఫేట్‌నూ కలిపి మరిగించొద్దు. అలా చేస్తే రెండు నష్టాలు. ఫాస్ఫేట్ నీరు కాస్త పుల్లన కాబట్టి అగర్ పట్టు తప్పి గడ్డ జావలా ఉండిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ రెంటినీ కలిపి కాచినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, అది సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. అప్పుడు భాస్వరం కప్పు మీద ఉత్త కప్పుకన్నా తక్కువ నాచు పడుతుంది, ఈ కాలువకు భాస్వరం అక్కర్లేదని మీరు తప్పు తీర్పు ఇస్తారు.

నీళ్లు ఆర్వో ప్లాంటువో డిస్టిల్డ్ వాటరో కావాలి. బోరు నీటిలోని సున్నం భాస్వరాన్ని పట్టి తెల్లని పొడిలా అడుగుకు దించేస్తుంది.

కప్పును అంచుదాకా నింపకండి, సెంటీమీటరు వదలండి. అంచు తడిస్తే సిలికాన్ అంటుకోదు. గడ్డ కట్టాక అంచును శుభ్రంగా తుడిచి, టైల్ ముక్క పెట్టి చుట్టూ సిలికాన్ మెత్తండి. 24 గంటలు కదపకండి. ఆ తర్వాత కప్పుల్ని బోర్లించి, టైల్ కిందికి వచ్చేలా, బండకు అతికించండి. ప్రతి బండ మీదా నాలుగు రకాలూ ఒక్కొక్కటి ఉండాలి, మధ్యలో 14, 15 సెం.మీ. ఎడం. ఏ రకం ఏ స్థానంలో అన్నది చీట్లు వేసి తీయండి. మీకు నచ్చిన వరుసలో పెడితే గట్టు వైపు కప్పులన్నీ ఒకే రకం అయిపోయే ప్రమాదముంది. బండ మీద సిలికాన్ ఆరడానికి ఇంకో రోజు ఇవ్వండి, ఈలోగా కప్పుల మీద తడి గోనె కప్పండి. ఎండితే అగర్ ముడుచుకుని గోడను వదిలేస్తుంది.

కాలువలో దించడం

బండ పొడవు కాలువకు అడ్డంగా రావాలి, అప్పుడు నాలుగు కప్పులూ పక్కపక్కన నిలుస్తాయి. నీటి వాలుకు నిలువుగా పెడితే పై కప్పులోంచి ఊరిన నత్రజని కింద ఉన్న ఉత్త కప్పుకు చేరుతుంది, పోలిక చెడిపోతుంది. బండకూ బండకూ మధ్య 2, 3 మీటర్లు వదిలి, దిగువ నుంచి ఎగువకు దించుకుంటూ పోండి. లేకపోతే మీ కాళ్ల కింద లేచిన బురద ముందే పెట్టిన వాటి మీద పేరుకుంటుంది. బండ కింద రెండేసి ఇటుకలు పెట్టి అడుగు బురదకన్నా పైకి లేపండి. కప్పు నెత్తి నీటి మట్టానికి 15, 20 సెం.మీ. కిందుంటే చాలు. ప్రతి బండకు నైలాన్ తాడు కట్టి గట్టున పాతిన సరుగుడు కర్రకు ముడివేయండి. డ్రెయిన్ సిబ్బందికీ చుట్టుపక్కల రైతులకూ ముందే చెప్పండి. చెప్పకపోతే తూము బాగుచేసేవాళ్లు అడ్డం అనుకుని గట్టున పడేస్తారు.

ఇక్కడ ఇంకొక బండ కలుపుకోమని గట్టిగా చెబుతాం. నాలుగు రకాల కప్పులతోనే ఆరో బండ ఒకటి, నీటి మట్టానికి 8, 10 సెం.మీ. కిందుండేలా ఇటుకల మీద ఎత్తుగా. దానికోసం మరో నాలుగు కప్పులూ నాలుగు టైల్ ముక్కలూ, ఇంకో బండా తెచ్చుకోవాలి. అర లీటరులో ఆరు కప్పులు నింపేంత గడ్డ కుదరదు, ఒక్కో రకానికి 600 మి.లీ. చేసుకుని అన్నీ అదే నిష్పత్తిలో పెంచండి. ఈ బండ దేనికో ఫలితాల దగ్గర తెలుస్తుంది.

మూడు వారాల్లో చూడాల్సినవి

నాలుగో, ఐదో రోజుకు కప్పు మీద వేలు పెట్టి రాస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. కంటికి లేత గోధుమ రంగు పొర. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచులు, ముందు వచ్చేవి అవే. రెండో వారానికి పోషకం నచ్చిన కప్పుల మీద చిన్న పచ్చ చుక్కలు లేచి, పోగులై, నీటి వాలుకు వెనక్కి తిరిగి ఊగుతుంటాయి. పక్కనున్న ఉత్త కప్పు మీద ఇంకా గోధుమ పొరే ఉండవచ్చు. ఆ తేడాను ఫొటో తీయండి, ప్రతిసారీ అదే గంటకు, అదే ఎత్తు నుంచి.

చల్లని దేశాల్లో 18 నుంచి 21 రోజులు ఉంచుతారు. మన నీళ్లు వెచ్చన, ఎదుగుదల వడిగా ఉంటుంది. మందం పెరిగాక అడుగు పొరకు వెలుతురు అందక నాచు పలకలుగా ఊడిపోతుంది. ఊడాక కొలిస్తే బాగా పెరిగిన కప్పే తక్కువ చూపిస్తుంది. అందుకే పన్నెండో రోజు నుంచి ఒకటి రెండు రోజులకోసారి చూసి, ఏ ఒక్క కప్పు మీదైనా అంచు లేస్తున్నట్టు కనిపిస్తే అదే రోజు అన్నిటినీ తీసేయండి. మధ్యలో పేరుకున్న ఆకులూ చెత్తా చేత్తో తీయండి గానీ కప్పును మాత్రం రుద్దకండి. నత్తలు ఎక్కి మేస్తుంటే లెక్కపెట్టి రాసుకోండి, నాచు తక్కువవడానికి అవీ ఒక కారణమే.

పెట్టిన రోజు, మధ్యలో, తీసే రోజు నీటి నమూనాలు తీసుకోండి. సీసాల్ని పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడగాలి, డిటర్జెంటు వద్దు, అందులో భాస్వరం ఉండవచ్చు. కరిగిన భాస్వరానికి గట్టు మీదే 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి ఐసు పెట్టెలో పెట్టి 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చాలి. మొత్తం భాస్వరానికి వడకట్టకూడదు.

ల్యాబ్ రిపోర్టులో ప్రమాణం చూడకుండా అంకె ఎత్తి రాయకండి. నైట్రేట్ అని ఇచ్చిన అంకెను 4.43తో భాగిస్తేనే నత్రజని వస్తుంది. ఫాస్ఫేట్ అంకెను 3.07తో భాగిస్తే భాస్వరం. తాగునీటికి మన దేశంలో హద్దుగా చెప్పే 45 మి.గ్రా. నైట్రేట్ లెక్కలోది, నత్రజనిగా అది 10కి కాస్త పైన మాత్రమే. ఈ గందరగోళంతో నాలుగింతలు పొరబడిన నివేదికలు తిరుగుతూనే ఉంటాయి.

నాచు కొలవడం

కప్పును నీటి లోపలే ప్లాస్టిక్ సంచిలోకి ఎక్కించి తీయండి, గాలిలోకి లాగితే పోగులు జారిపోతాయి. నీడలో పళ్లెంలో పెట్టి కొత్త టూత్‌బ్రష్‌తో బయటి గోడంతా రుద్ది, కడిగిన నీటిని కలిపి సరిగ్గా 200 మి.లీ. చేయండి. పొడవాటి పోగుల్ని కత్తెరతో తుంచి బాగా గిలకొట్టాలి, లేదంటే తీసే భాగంలో ఒకసారి పోగులన్నీ వస్తాయి, ఒకసారి ఉత్త నీరు వస్తుంది. అందులోంచి 50 మి.లీ. గ్లాస్ ఫైబర్ ఫిల్టరు మీద వడకట్టి, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టండి. నాచు ఎంతుందో అందులోని పచ్చరంగు పదార్థమైన క్లోరోఫిల్‌తో కొలుస్తాం, ఎండ తగిలితే అది చెడుతుంది.

కప్పు విస్తీర్ణం కొలిచే తేలిక మార్గం: గోడకు ఫాయిల్ ఒకే పొరగా అంటించి, ఎక్కువైంది కత్తిరించి తూచండి. 10 × 10 సెం.మీ. ఫాయిల్ ముక్కనూ తూచండి. రెండో దానితో మొదటిది భాగించి 100తో గుణిస్తే చదరపు సెంటీమీటర్లు.

ల్యాబ్‌లో ఫిల్టరును 10 మి.లీ. 90 శాతం అసిటోన్‌లో వేసి, ఫ్రిజ్‌లో చీకట్లో ఒక రోజు ఉంచాలి. పాలీస్టైరిన్ ప్లాస్టిక్ గొట్టాలూ క్యువెట్లూ (ద్రావణం పోసి చదివే చిన్న డబ్బీలు) అసిటోన్‌లో కరిగిపోతాయి, గాజువే వాడండి. తేట ద్రావణం ఎంత వెలుతురు పీల్చుకుంటోందో స్పెక్ట్రోఫొటోమీటరులో 664, 750 నానోమీటర్ల తరంగాల దగ్గర చదవాలి. 3 మి.లీ.కు 0.1 మి.లీ. చొప్పున 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి, 90 సెకన్లు ఆగి, 665, 750 దగ్గర మళ్లీ చదవాలి. రెండుసార్లూ 750 అంకెను తీసేయాలి, అది మసక వల్ల వచ్చేది. యాసిడ్ ముందు అంకెలోంచి తర్వాతి అంకె తీసేస్తే వచ్చే తేడాతో, సెంటీమీటరు క్యువెట్‌కు లెక్క ఇలా ఉంటుంది:

చదరపు మీటరుకు క్లోరోఫిల్ మి.గ్రా. = 26.7 × తేడా × అసిటోన్ లీటర్లు × (200 ÷ 50) ÷ చదరపు మీటర్లలో కప్పు విస్తీర్ణం

తేడా 0.30, అసిటోన్ 0.010 లీటరు, కప్పు 150 చ.సెం.మీ., అంటే 0.015 చ.మీ. అనుకుంటే 21.4 మి.గ్రా. వస్తుంది. యాసిడ్ మెట్టు వదిలేయకండి. మురుగు నీటిలో చచ్చిన నాచు ముక్కలు చాలా వచ్చి చేరతాయి, వాటి రంగును బతికున్న నాచుగా లెక్కించకుండా కాపాడేది ఆ మెట్టే.

కప్పులతో పాటు కాలువ అడుగు రాళ్ల మీద నాచునూ ఇలాగే కొలిస్తే ఇంకా మంచిది. అక్కడ చదరపు మీటరుకు 100 నుంచి 150 మి.గ్రా. దాటిందంటే ఇబ్బంది పెట్టే స్థాయికి వచ్చినట్టు.

ఫలితం ఎలా చదవాలి

ఒక్కో రకానికి ఐదు కప్పుల సగటు తీసి, ఉత్త కప్పుల సగటుతో భాగించండి. ఉదాహరణకు ఉత్త కప్పు 20, నత్రజని 22, భాస్వరం 48, రెండూ 110 అనుకోండి. మొదటి కొరత భాస్వరం. అది తీరగానే నత్రజని కరువవుతోంది, అందుకే రెండూ కలిసిన చోట నాచు అంత ఎగిసింది. విడివిడిగా ఏదీ పని చేయక, కలిపితేనే పెరిగితే రెండూ సమానంగా కొరతే. ఐదు కప్పుల అంకెలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొస్తుంటే సగటు చూసి తేడా ఉందనకండి. గణాంకాలు తెలిసినవాళ్లతో టూ-వే అనోవా (రెండు పోషకాల ప్రభావాన్నీ విడదీసి, తేడా నిజమో కాదో తేల్చే లెక్క) చేయించండి, బండను ఒక బ్లాకుగా చెప్పండి.

అన్ని కప్పులూ ఒకేలా ఉంటే? డెల్టా డ్రెయిన్లలో ఎదురుపడే అవకాశం ఎక్కువున్న ఫలితం ఇదే, ఎక్కువగా తప్పు చదివేదీ దీన్నే. పోషకం కలిపినా మార్పు లేదు కాబట్టి ఎరువుల దోషం లేదని రాసేస్తారు. నిజానికి అది పూర్తిగా తిరగబడిన మాట కావచ్చు. కాలువలో నత్రజని, భాస్వరం ఇప్పటికే పొంగిపొర్లుతుంటే కప్పులోంచి ఊరే కొంచెం ఎక్కడ కనిపిస్తుంది? లేదా వెలుతురు చాలక ఏదీ ఎదగకపోయి ఉండవచ్చు. ఆరో బండ ఎత్తుగా పెట్టమన్నది ఇందుకే. పైబండ మీద నాలుగు కప్పులూ దట్టంగా, సమానంగా పచ్చబడి, కింది బండలు బోసిగా ఉంటే బురద నీరు వెలుతురును ఆపుతోందని, పోషకానికి కొదవ లేదని అర్థం. అక్కడ నీరు తేటపడిన రోజున నాచు ఒక్కసారిగా లేస్తుంది. పైనా కిందా సమానంగా దట్టంగా ఉంటే పోషకాలు నిండుగా ఉన్న కాలువ. అన్నిచోట్లా బోసిగా ఉండి నత్తలు లెక్కకు మించి ఉంటే మేత కారణం. నీటి రిపోర్టు ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి సాయపడుతుంది.

పొలం వైపు ఏం మార్చాలి

భాస్వరం కొరతగా తేలిన కాలువలో ఇంకొంచెం భాస్వరం చేరినా నాచు లేస్తుంది కాబట్టి దమ్ము నీటిని చూసుకోవాలి. భాస్వరం మొత్తం ఆఖరి దమ్ములో వేస్తాం, అది మట్టి రేణువుల్ని పట్టుకుని ఉంటుంది. దమ్ము చేసిన వెంటనే ఊడ్పులకు నీరెక్కువైందని గండి కొడితే ఎర్రనీటితో పాటు ఎరువూ వెళ్తుంది. దమ్ముకు నీరు పలుచగా పెట్టి, బురద పేరుకుని పైనీరు తేటపడ్డాకే అవసరమైతే తీయాలి. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే డీఏపీ తగ్గించుకోవచ్చు, పైరు దెబ్బతినదు.

నత్రజని సంగతి వేరు, అది నీటిలో కరిగి పోతుంది. పొలంలో నీరు తీసి, బురద పదునులో యూరియా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టడం పాత సలహానే. దాని విలువ కాలువలోనూ కనిపిస్తుంది. నిలిచిన నీటిలో యూరియా చల్లి మర్నాడు వాన కురిస్తే, గట్టు పొర్లిన ప్రతి లీటరులోనూ అది ఉంటుంది.

నాచు ఇప్పటికే దట్టంగా ఉంటే మైలుతుత్తం చల్లకండి. నాచుతో పాటు నత్తలూ చేప పిల్లలూ చస్తాయి, చచ్చిన నాచు కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. దట్టమైన నాచు ఉన్న నీటిలో తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) కొలిచి చూడండి. పగలు ఆక్సిజన్ వదిలిన నాచే రాత్రంతా పీల్చుకుంటుంది. లీటరుకు 3 మి.గ్రా. కంటే కిందికి పోతే చేపలు నీటి మీదికి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్ కూడా చూడండి. పీహెచ్ 7.5 దగ్గర, 30 డిగ్రీల నీటిలో అమ్మోనియా విషరూపం మొత్తంలో 2, 3 శాతమే. నాచు పనితో పీహెచ్ 9కి ఎక్కితే అది సగానికి దగ్గరవుతుంది. పైన యూరియా పడిన నీరూ, మధ్యాహ్నపు నాచూ కలిసినప్పుడు చేపలకు అదే ప్రమాదం. పచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కట్టిన నీటిని గేదెలకు తాగనివ్వకండి, నీలి ఆకుపచ్చ నాచుల్లో కొన్ని విషం వదులుతాయి.

పీచు నాచును కుళ్లకముందే దంతెలతో లాగి, నీరు తిరిగి కాలువలోకి కారని దూరంలో పోగేసి, పేడతో కలిపి కంపోస్టు చేయండి. అందులో మీరు కొన్న ఎరువే ఉంది. పూడిక తీసిన మట్టినీ గట్టు అంచున వదలకండి, తొలి వానకే తిరిగి జారుతుంది. ఆ మట్టికి ఇంకొక గుణం ఉంది. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు ఇనుముతో పట్టుకుని ఉన్న భాస్వరాన్ని అది వదిలేస్తుంది. అందుకే పొలాల్లో ఎరువు తగ్గించిన మొదటి ఏడు కాలువలో నాచు తగ్గకపోవచ్చు. కప్పుల్ని అదే చోట, అదే నెలలో, రెండో దాళ్వాకూ మూడో దాళ్వాకూ పెట్టి చూడండి. కుమ్మరి, ఆవం మారకుండా కప్పులు ముందే కొని దాచుకోండి.